మూత దీవి పదకొండు వింతలు

విక్టోరియా, మాహే
16 జనవరి 1984

ఎల్వినా పిన్నికి,

నేను బాగానే ఉన్నాను. నువ్వూ, నీ ఎడమ మోకాలూ బాగున్నారని తలుస్తాను. పండక్కి రాలేదని, కనీసం ఉత్తరమైనా రాయలేదని నువ్వు నన్ను తిట్టుకుంటున్నావని పోస్టులో పనిచేసే రోజిత చెప్పింది. తిట్టు పిన్నీ, నేను కాదనను. కానీ ఆఫీసులో ఊపిరి సలపడం లేదు.

మా డైరెక్టరు మొస్యే ఫ్లోరాన్ నాకో పెద్ద పని అప్పగించాడు. మార్మిత్ దీవుల భూగోళం, చరిత్ర కలిపి ముప్పై రెండు పుటల పుస్తకం రాయాలి. బడిపిల్లల కోసం. అట్టమీద పేరు ఆయనదే ఉంటుందనుకో. లోపల ఎక్కడో సన్న అక్షరాల్లో సహాయకుడిగా నా పేరు వేస్తారట. పని బాగా కుదిరితే పెద్ద గుమాస్తా కుర్చీ నాదేనన్నాడు. ఆ కుర్చీకి చేతులుంటాయి పిన్నీ. పదకొండేళ్ళుగా చేతుల్లేని కుర్చీలో కూచుని నా మోచేతులు గాల్లోనే ఉన్నాయి.

చిక్కేమిటంటే నేను ఆ దీవులు చూడలేదు. మీ లా దీగ్ దీవికి పడవలో వచ్చే మూడు గంటల్లోనే బకెట్టు ఒళ్ళో పెట్టుకుని కూచునేవాణ్ణని నీకు తెలుసు. మార్మిత్‌కి ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణమంటే నా వల్ల కాదు. ఆఫీసులో ఒక పాత పటం ఉంది. దానిమీద నాలుగు చుక్కలూ ఒక టీ మరకా ఉన్నాయి. వాటిలో ఏది మరకో మొస్యే ఫ్లోరాన్‌క్కూడా తెలీదు.

నువ్వు అక్కడే పుట్టావు. ఏటా జూన్‌లో, సముద్రపు పక్షుల గుడ్లు ఏరడానికి వెళ్ళే వోల్సీ కెప్టెన్ గుడ్ల పడవలో వెళ్ళొస్తావు. అందుకని నాలుగు సంగతులు రాసి పంపు. దీవులు ఎన్ని, ఒక్కోదాని వైశాల్యం ఎంత, పేర్లు ఎలా వచ్చాయి, చరిత్ర ఏమిటి. త్వరగా రాయి పిన్నీ, ఏప్రిల్ కల్లా అచ్చుకి వెళ్ళాలి.

నీ జెర్వే

*

లా పాస్, లా దీగ్
5 ఫిబ్రవరి

ఒరే జెర్వే,

నా మోకాలికేం, బాగానే ఉంది. పని పడితే తప్ప పిన్ని గుర్తుకు రాని నీ బుద్ధి ఎలా ఉందో అది చెప్పు. చూడని ఊరికి పటం గీసేవాడికి జీతమిస్తారని తెలిస్తే నేనూ ఆ ఉద్యోగమే చేసేదాన్ని. సరే, పిల్లల కోసమన్నావు కాబట్టి చెబుతున్నాను.

దీవులెన్ని అని అడిగావు. ఏ పూట? ఆటుకి నాలుగు, పోటుకి మూడు. నాలుగోది రోజుకి రెండుసార్లు స్నానానికి వెళ్తుంది.

వైశాల్యం అడిగావు. ఏ నెలలో? ఆగ్నేయం గాలి మొదలైతే ఇసుక అంతా లేచి ఆ పక్కకి వెళ్ళిపోతుంది. గాలి తిరిగితే మళ్ళీ ఈ పక్కకి వస్తుంది. జనవరిలో మా గుమ్మం ముందు ఉన్న సముద్రం జులైలో నూరు అడుగుల అవతల ఉండేది. మేం కదల్లేదు, దీవే కదిలేది.

పేర్లు మా వాళ్ళు పెట్టినవే. మార్మిత్ అంటేనే వంటకుండ. అన్నిట్లోకి పెద్దది, మధ్యలో నీళ్ళుండేది కుండ. పక్కన గుండ్రంగా, బల్లపరుపుగా ఉన్నది మూత. ఇసుక తోకతో పొడుగ్గా ఉన్నది గరిటె. ఆ స్నానాలు చేసేది పంది. మేస్త్రీ అల్సీద్ క్రిస్మస్‌కని పెంచిన పంది, సరిగ్గా ముందురోజు తాడు తెంపుకుని అక్కడిదాకా ఈదుకుపోయింది. ఆ క్రిస్మస్‌కి మేం ఎండు చేపే తిన్నాం. పందిని ఎవరూ తిట్టలేదు. అంత దూరం ఈదాలని మాక్కూడా ఉండేది.

ఇక చరిత్ర. కొబ్బరి కంపెనీ వచ్చి మూతలో ముప్పై నలుగురిని దింపింది. కాయలు ఒలిచాం, ఎండబెట్టాం, గోతాల్లో నింపాం. కొబ్బరి ధర పడిపోయాక మమ్మల్ని పడవెక్కించి ఇక్కడ దింపింది. మీ అమ్మా నేనూ మూతలోనే పుట్టాం. మా అమ్మ క్లెమాన్స్, అంటే మీ అమ్మమ్మ, అక్కడే పోయింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

మూతలో పదకొండు సమాధులున్నాయి. ఇసుక దీవిలో రాళ్ళెక్కడివి? అందుకని మనిషి చుట్టూ చేటంతేసి ఆల్చిప్పలు నోరు పైకి పెట్టి పాతేవాళ్ళం. వాటిలో వాన నీళ్ళు నిలుస్తాయి, పక్షులు తాగడానికి వస్తాయి, పోయినవాళ్ళకి సందడిగా ఉంటుంది. అమ్మది వరసలో మూడోది. ఆమెకి అటు మేస్త్రీ అల్సీద్, ఇటు మొజాంబిక్ ముసలాయన సెలెస్తాన్. నేను ఏటా వెళ్ళేది గుడ్ల కోసమనుకుంటున్నావేమో. ఆ చిప్పల్లో పడ్డ ఇసుక తోడి రావడానికి వెళ్తాను.

ఇవన్నీ రాయి. పంది సంగతి కూడా రాయి, పిల్లలు నవ్వుకుంటారు.

ఎల్వినా

*

విక్టోరియా
12 మార్చి

పిన్నీ,

నీ ఉత్తరం బంగారం. మొస్యే ఫ్లోరాన్ రెండుసార్లు చదివించుకుని విన్నాడు. చిన్న చిన్న మార్పులు చేశాడంతే.

దీవులు నాలుగనే వేశాం, పటం అందంగా ఉంటుందని. వైశాల్యం మార్చి నెలది వేశాం, ఇది మార్చి కాబట్టి. పంది దీవిని మాత్రం ముత్యాల దీవి చేశాం. అక్కడ ముత్యాల్లేవు కదండీ అన్నాను. పంది మాత్రం ఉందా అన్నాడు.

నీ దగ్గర దాచడం దేనికి, పుస్తకం బడిపిల్లలకి కాదు. ఆ దీవుల్ని ఒక హోటలు కంపెనీకి గుత్తకిస్తున్నారు. పెళ్ళయిన కొత్త జంటలు వచ్చి ఉంటారట. 'ఈ ఇసుకలో మొట్టమొదటి అడుగు మీదే' అని కంపెనీవాళ్ళు పత్రికల్లో వేసుకుంటారు. వాళ్ళ తరఫున ఒక శాస్త్రజ్ఞుడు హెలికాప్టరులో వెళ్ళి మూతలో రెండు గంటలుండి వచ్చాడు. మొహం ఎర్రగా కాలిపోయింది పాపం, కానీ మహా సంతోషంగా ఉన్నాడు. ఏదో గొప్ప వింత కనిపెట్టానంటున్నాడు.

కుర్చీ దాదాపు ఖాయమే.

జెర్వే

*

లా పాస్
8 ఏప్రిల్

జెర్వే,

రెండు పుటల ఉత్తరం రాశావు. పందిని ముత్యం చేసిన కథ రాశావు, ఎవడి మొహమో కాలిన కథ రాశావు. మా అమ్మ సమాధి గురించి ఒక్క ముక్క లేదు. నువ్వు చిన్నప్పుడు చెంచా విరగ్గొట్టిన రోజున కూడా ఇలాగే అన్ని కబుర్లూ చెప్పి, చెంచా సంగతి మాత్రం చెప్పలేదు.

హోటలు కట్టుకోనీ. నాకేం అడ్డం లేదు. కొత్త జంటలు వస్తే దీవికి నవ్వులొస్తాయి. నేనడిగేది ఒక్కటే. పుస్తకంలో ఎక్కడో ఒకచోట, ఇక్కడ మనుషులు బతికారని రాయి. పేర్లు అక్కర్లేదు. ఒక్క మాట చాలు. ఆ మాట ఉంటే రేపు ఎవడైనా నన్ను దీవిమీద దిగనివ్వకపోతే పుస్తకం తీసి చూపిస్తాను.

వోల్సీ మేనకోడలితో ఎండు చేప పంపుతున్నాను. నీళ్ళలో నానబెట్టకుండా వండకు, నీకు ప్రతిసారీ చెప్పాలి.

ఎల్వినా

*

విక్టోరియా
21 మే

పిన్నీ,

చేప అందింది. నానబెట్టాను.

పుస్తకం అచ్చయింది. వేరే కవరులో ఒక ప్రతి పంపుతున్నాను. నువ్వు తెరిచేముందు నా మాట కాస్త విను.

మొదటి పుటలో మొదటి వాక్యం 'మార్మిత్ దీవులలో ఎన్నడూ మనుషులు లేరు' అని ఉంటుంది. అది నేను పెట్టింది కాదు, కంపెనీవాళ్ళ షరతు. లేకపోతే ఆ మొదటి అడుగు సంగతి చెల్లదట. ఇక పద్నాలుగో పుట. దాన్ని కూచుని చదువు. అక్కడ ఇలా ఉంటుంది: 'మూత దీవిలో పదకొండు అపురూపమైన ఆల్చిప్పల అమరికలు గలవు. ఒక్కొక్కటి సుమారు ఆరడుగుల పొడవున దీర్ఘచతురస్రాకారమున ఉన్నది. వేల ఏండ్లుగా కెరటాలే వీటిని ఇట్లు పేర్చినవి. ప్రకృతి శిల్పమునకు ఇది పరాకాష్ఠ.'

శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన వింత అదే పిన్నీ. మీటింగులో అతను అది చదువుతుంటే నేను ఎదురుగానే ఉన్నాను. లేచి చెబుదామనుకున్నాను. అప్పుడొక ఆలోచన వచ్చింది. సమాధులని చెబితే ఏమవుతుంది? కంపెనీవాళ్ళు బహు మర్యాదగా తవ్వి, ఎముకలన్నీ ఒక పెట్టెలో పెట్టి మాహే తెచ్చి పాతేస్తారు. అక్కడ ఈతకొలను కడతారు. అదే ప్రకృతి వింత అయితే ఎవడూ చెయ్యి వెయ్యడు. చుట్టూ తాడు కట్టి కాపలా పెట్టారు కూడా. నేను నోరు మూసుకోబట్టే అమ్మమ్మకి ఏ భయమూ లేకుండా పోయింది.

నువ్వు అర్థం చేసుకుంటావనుకుంటాను.

జెర్వే

*

లా పాస్
2 జూన్

మొస్యే జెర్వే గారికి,

పుస్తకం అందింది. చాలా బాగుంది. కాగితం నున్నగా ఉంది.

గుడ్లు ఏరడానికి దిగిన మొదటిరోజు మేమేం చేస్తామో తమకు తెలియదు, తమరు పడవెక్కరు కాబట్టి. దీవిలో ఒక ముక్కకి నాలుగు వైపులా తాడు కడతాం. అందులో ఉన్న గుడ్లన్నీ ఏరి అవతల పారేస్తాం. ఏది పాతదో ఏది కొత్తదో తెలీదు కదా. మర్నాడు పక్షులు మళ్ళీ పెడతాయి. అప్పుడు ఉన్నవన్నీ తాజావే అని ధైర్యంగా గంపకెత్తుకుంటాం. మీ ఆఫీసులో చరిత్ర రాసే పద్ధతి కూడా అదేనని ఇప్పుడు తెలిసింది. ముప్పై నలుగురు మనుషుల్ని ఏరి పారేశారు. ఇక మీదట వచ్చేవాళ్ళే మొదటివాళ్ళు.

మా అమ్మ నన్ను కని, కాయలు ఒలిచి, జ్వరంతో పోయింది. ఆమెను కెరటం పేర్చిందట. చిప్పలు పేర్చింది నేనూ మీ అమ్మానురా. మీ అమ్మ చెయ్యి తెగి ఇంత రక్తం కారింది. ఆ మచ్చ చచ్చేదాకా ఆమె బొటనవేలి మీద ఉంది, నువ్వు చూడలేదూ?

తెలివిగా కాపాడానంటావు. తెలివి ఉందేమో, కాదనను. కానీ తెలివి సగమే రా, మిగతా సగం కుర్చీ.

ఈ నెల ఇరవయ్యో తారీకున పడవ బయల్దేరుతుంది. నేను వెళ్తున్నాను.

క్లెమాన్స్ కూతురు ఎల్వినా

*

విక్టోరియా
9 జూన్

పిన్నీ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. అమ్మ బొటనవేలు గుర్తుంది. నన్ను నువ్వు గారు అన్నావు, అంతకంటే చెంపమీద కొట్టినా బాగుండేది.

కానీ దయచేసి ఈ ఏడు వెళ్ళకు. తాడు దాటాలంటే మా ఆఫీసు అనుమతి కావాలి, శాస్త్ర పరిశోధకులకి తప్ప ఎవరికీ ఇవ్వరు. అక్కడ బాజిల్ అని ప్రాలాన్ దీవివాణ్ణి కాపలా పెట్టారు. ఆగస్టులో కంపెనీ యజమానీ ఆయన భార్యా స్వయంగా వస్తారు. అప్పటిదాకా ఏ గొడవా జరక్కూడదని మొస్యే ఫ్లోరాన్ మరీ మరీ చెప్పాడు.

కుర్చీ నిన్ననే వచ్చింది. నిజమే, చేతులున్నాయి. ఆగస్టు తర్వాత నేనే ఎలాగో ఒకలాగ నీకు అనుమతి ఇప్పిస్తాను. ఒక్క ఏడాది ఆగు పిన్నీ.

జెర్వే

*

లా పాస్
14 జులై

జెర్వే,

వెళ్ళొచ్చాను.

నా సామానులో ఈసారి గుడ్ల గంపకి బదులు వోల్సీ పడవకి వేసే నల్ల రంగు డబ్బా, ఒక కుంచె ఉన్నాయి. మూతలో దిగేసరికి నువ్వు చెప్పిన బాజిల్ తాడు పక్కన కుర్చీ వేసుకుని కూచున్నాడు. వాడి కుర్చీకి చేతుల్లేవు. మర్యాదగానే ఆపాడు. అవ్వా, ఇది ప్రకృతి వింత, శాస్త్రం తెలిసినవాళ్ళు తప్ప లోపలికి వెళ్ళకూడదు అన్నాడు.

"నాకు శాస్త్రం తెలీదు నాయనా. ఆ వింతల్లో మూడోది మా అమ్మ."

వాడు నా మొహం చూశాడు, చిప్పల వంక చూశాడు. టోపీ తీశాడు. వాళ్ళ తాత కూడా ఏదో దూరపు దీవిలో కొబ్బరి పనికి వెళ్ళి తిరిగి రాలేదట. కాసేపటికి, నేను నీళ్ళు తెచ్చుకోవాలి, బావి దూరం, రావడానికి సాయంత్రమవుతుంది అని ఎవరూ అడక్కుండానే చెప్పి వెళ్ళిపోయాడు. మూతలో బావి ఎక్కడుందో నాకు తెలీదూ? అడుగు దూరంలో ఉంది.

ముందు ఇసుక తోడాను. తర్వాత తలవైపు ఉన్న పెద్ద చిప్పలమీద పేర్లు రాశాను. పదకొండూ నాకు గుర్తున్నాయి. ఇద్దరు పసిపిల్లలు పేరు పెట్టకముందే పోయారు, వాళ్ళకి వాళ్ళ అమ్మల పేర్లు రాశాను. అల్సీద్ దగ్గర చిన్న పంది బొమ్మ వేశాను, ఆయనేమీ అనుకోడులే. మా అమ్మది అన్నిటికంటే బాగా వచ్చింది. 'క్లెమాన్స్, ఇక్కడ ఉండేది.'

నా చేతులింకా బాగానే పనిచేస్తున్నాయి కాబట్టి పన్నెండోది కూడా పేర్చేశాను. అమ్మ కాళ్ళ దగ్గర. ఎల్వినా, 1921 అని రాసి, పక్కన కాస్త ఖాళీ వదిలాను. ఆ ఖాళీ నువ్వు నింపాలి. కాగితాల్లో ఖాళీలు నింపడం నీకు అలవాటేగా.

దీనితో నీ కుర్చీ పోతుందని నాకు తెలుసు. అది తలుచుకుంటే నాకూ బాధగానే ఉందిరా. అయినా వెనక్కి తిరిగి చెరపలేదు.

ఎల్వినా

*

విక్టోరియా
30 సెప్టెంబరు

పిన్నీ,

ఇన్నాళ్ళూ రాయలేదు. రాయడానికి ఏదైనా ఉండాలి కదా అనుకున్నాను. ఇప్పుడుంది.

ఆగస్టు పదో తారీకున యజమానీ భార్యా హెలికాప్టరులో వెళ్ళారు. మొస్యే ఫ్లోరాన్ పుస్తకం పట్టుకుని పద్నాలుగో పుట గట్టిగా చదువుతూ ముందు నడిచాడు. 'ప్రకృతి శిల్పమునకు ఇది పరాకాష్ఠ' అన్నచోట తలెత్తి చూస్తే ఎదురుగా పంది బొమ్మ ఉంది. యజమాని భార్య పెద్దావిడ. ఒక్కో పేరూ చదువుకుంటూ వెళ్ళి, శిలువ గుర్తు వేసుకుని, చెప్పులు విప్పేసిందట. అక్కణ్ణించి అడుగు కదపలేదు.

మర్నాడు నన్ను పిలిచారు. శాస్త్రజ్ఞుడు తంతి పంపాడు, కెరటాలు పేర్చడం మట్టుకు నిజమేనని, రాత సంగతి ఇంకా పరిశోధించాలని. పదకొండు పన్నెండెలా అయ్యాయో కూడా కనుక్కోమన్నాడు. మొస్యే ఫ్లోరాన్ నా ముందు ఒక కాగితం పెట్టాడు. పోకిరీవాళ్ళెవరో ప్రకృతి వింతను పాడుచేశారని అందులో ఉంది. కింద సంతకం పెడితే చాలు, కుర్చీ నాది. నేను ఆ కుర్చీలోనే కూచుని ఉన్నాను పిన్నీ. రెండు మోచేతులూ హాయిగా ఆనించుకుని ఉన్నాను. సంతకానికని కుడి చెయ్యి ఎత్తాను. నా బొటనవేలు కనపడింది. దానిమీద ఏ మచ్చా లేదు.

"రాసింది మా పిన్ని. మూడోది మా అమ్మమ్మ. ఈ సంగతి నాకు ఫిబ్రవరి నుంచీ తెలుసు."

గదిలో అందరూ ఒక్కసారిగా మాట్లాడారు.

చివరికి తేలిందేమిటంటే, హోటలు కుండలో కడతారు. యజమాని భార్య పట్టుబట్టడంతో మూత జోలికి రారు. తాడు తీసేశారు. గుడ్ల పడవ ఎప్పట్లాగే ఆగొచ్చు. కంపెనీవాళ్ళు ప్రకటన కూడా మార్చుకున్నారు. ఇప్పుడది 'ఈ ఇసుకలో మొదటి అడుగుల్లో ఒకటి మీదే' అట. బాజిల్ ఉద్యోగం పోలేదు, ఈతకొలను తవ్వేచోట కాపలా పెట్టారు.

నా కుర్చీ పోయింది. నన్ను కింద సామాన్ల గదిలో వేశారు. అక్కడ పీట ఉంది. అచ్చైన పుస్తకాలు అయిదు వందలూ నా చుట్టూనే ఉన్నాయి. మళ్ళీ అచ్చు వెయ్యడానికి నున్న కాగితం లేదట, అందుకని తప్పు చేసినవాడే చేత్తో దిద్దాలని మొస్యే ఫ్లోరాన్ శిక్ష వేశాడు. పద్నాలుగో పుటలో అమరికలని ఉన్నచోట సమాధులని రాస్తున్నాను. మొదటి పుటలో పెద్ద పనేమీ లేదు. 'ఎన్నడూ మనుషులు లేరు' అని ఉంది కదా. ఆ 'ఎన్నడూ' కొట్టేసి, పైన 'ఇప్పుడు' అని రాస్తున్నాను. నువ్వు ఒక్క మాటే అడిగావు. ఇవాళ్టికి రెండు వందల పన్నెండు ప్రతులయ్యాయి. చెయ్యి నొప్పెడుతోంది.

ఖాళీ నింపే తొందర నాకేం లేదు. నువ్వు కూడా తొందరపడకు.

వచ్చే జూన్‌లో గుడ్ల పడవలో నాకో చోటు ఉంచమని వోల్సీకి చెప్పు. బకెట్టు నేనే తెచ్చుకుంటాను.

నీ జెర్వే